సిబేలియస్ పిచ్చి పట్టిన మేనకోడలికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవెనలు.

నీ మెసేజ్ చదివాను. ఫిన్లాండ్ స్వరకర్త సిబేలియస్ సింఫనీలు (ఆర్కెస్ట్రా వాయించే పెద్ద కృతులు) అన్నీ ఉన్న సెట్లు నీ దగ్గర మూడున్నాయి, నాలుగోది ఏ కండక్టర్ నడిపించినది కొనాలో చెప్పమన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. నిన్న మీ అమ్మ కూడా ఫోన్ చేసింది. "అన్నయ్యా, వారానికో పార్సెల్ దిగుతంది. అన్నిటి మీదా ఒకటే పేరు. ఉన్నదే మళ్లీ ఎందుకు కొంటందో ఏటో, నువ్వైనా అడుగు" అంది. మీ ఇద్దరికీ కలిపి నేను చెప్పేది ఒకటే. కొనుక్కో, తప్పు లేదు. కానీ ముందు నీ దగ్గరున్న రికార్డింగ్ తీర్చలేని సందేహం ఒకటి నీకు రావాలి. వచ్చిన రోజున దాన్ని తీర్చే రికార్డింగ్ ఏదో వెతికి కొను. రానంతకాలం ఉన్నదే విను.

సిబేలియస్ మీద మనసు పడినవాళ్లకు ఒక అదృష్టం ఉంది. హైడెన్ అనే స్వరకర్తని పట్టుకుంటే సింఫనీలు వందకు పైనే. సిబేలియస్‌కి ఉన్నవి ఏడు. మొదటిది 1899లో వచ్చింది, ఏడోది 1924లో. ఆ తర్వాత 1957లో, తొంభై ఒకటేళ్ల వయసులో చనిపోయేదాకా మరో సింఫనీ ఇవ్వలేదు. ఎనిమిదోదాని కోసం ఏళ్ల తరబడి కష్టపడి, ఆ కాగితాలన్నీ 1940లలో తన ఇంట్లోనే కాల్చేశాడు. మిగిలిన ఏడూ కలిపి దాదాపు నాలుగు గంటలు. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ కూడా ఒక మనిషి నాలుగు గంటల సంగీతాన్ని నోటికొచ్చేంతగా తెలుసుకోవచ్చు. ఇంత వీలున్నచోట పైపైన తిరగడం నాకు బాధగా ఉంటుంది.

నీ దగ్గరున్న మూడింటిలో కండక్టర్ కోలిన్ డేవిస్ బోస్టన్ ఆర్కెస్ట్రాతో చేసిన సెట్ బయట ఉంచు. మాజెల్ వియన్నా సెట్, బెర్గ్‌లుండ్ హెల్సింకి సెట్ మీ అమ్మ బీరువాలో పెట్టించు. డేవిసే గొప్ప అని కాదు. ఎక్కడా తొందరపడడు, ఎక్కడా సాగదీయడు, కొత్త చెవికి దారి చూపిస్తాడు. నెలకో సింఫనీ పెట్టుకో. రెండోదానితో మొదలుపెట్టి ఐదోదానికి వెళ్లు, తర్వాత మూడు, ఒకటి, ఏడు, ఆరు. నాలుగోది చివర్లో. రోజూ వినక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు. కానీ విన్నప్పుడు చేతిలో ఫోన్ ఉండకూడదు.

"నాలుగోది నాకు ఎక్కలేదు, చీకటిగా ఉంది" అని రాశావు. దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. నువ్వు మన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న పిల్లవి. 1919లో మొదలైన ఆ కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ పాఠం చెప్పి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. అక్కడ తయారైన చెవి నీకుంది. పాశ్చాత్య సంగీతానికి అది పనికిరాదని ఎవరైనా అంటే నమ్మకు. నాలుగో సింఫనీ మొదలవగానే చెల్లోలు, డబుల్ బాస్‌లు, బసూన్‌లు (మంద్రంగా పలికే తీగవాద్యాలు, ఊదే వాద్యాలు) కలిసి నాలుగు స్వరాలు పలుకుతాయి. మొదటిదాన్ని షడ్జమం అనుకుని వయొలిన్ మీద వాయించి చూడు: స, రి, ప్రతి మధ్యమం, గ. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం. కాగితం మీద అవి కల్యాణి స్వరాలు. చెవికి మాత్రం కల్యాణి వినబడదు. మన దగ్గర ఆ మధ్యమం పంచమం వైపు చూస్తూ వెలుగుతుంది. ఇక్కడ పంచమం రాదు. మధ్యమానికీ గాంధారానికీ మధ్య ఊగుతూ కింది వాద్యాలు అలాగే ఉండిపోతాయి. నీకు చీకటి అనిపించింది అక్కడే. షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ మధ్యనున్న ఆ దూరాన్ని సిబేలియస్ సింఫనీ అంతా తిప్పితిప్పి వాడతాడు. 1911లో మొదటిసారి వాయించినప్పుడు ఆయన సొంత మనుషులే, హెల్సింకీ జనమే తెల్లబోయారట. నీకు వెంటనే ఎక్కకపోతే దిగులు పడకు. ఆ నాలుగు స్వరాలు వాయించుకో, వారం ఆగి మళ్లీ విను.

ఆరోది ఇంకా దగ్గరి చుట్టం. డోరియన్ అనే స్వరాల వరసలో నడుస్తుంది. అవి మన ఖరహరప్రియ స్వరాలే. మొదట్లో వయొలిన్లు పైస్థాయిలో ఒకదాని మీదుగా ఒకటి విడివిడిగా కదులుతుంటే నువ్వు కచ్చితంగా గుర్తుపడతావు. అయితే రాగం పేరు పెట్టేసి అక్కడితో ఆగిపోకు. గమకం ఉండదు. ఒక్కో స్వరం నిటారుగా నిలబడుతుంది. నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు దారుల్లో పోతుంటాయి. అలా కలిసినప్పుడు పుట్టేది మన కచేరీలో ఉండదు, దానికోసమే వింటున్నాం. మనకు బాగా అలవాటైనది ఇంకొకటి ఆయనలో ఉంది, కింద చాలాసేపు కదలకుండా నిలిచే మంద్ర స్వరం. తంబుర విని పెరిగినవాళ్లకు అది ఇట్టే పట్టుబడుతుంది. ఆయన కూడా వయొలిన్ విద్వాంసుడు కావాలనుకున్నవాడే. 1891లో వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో చేరడానికి పరీక్షకు కూర్చుంటే తీసుకోలేదు. తీగవాద్యాలకు ఆయన రాసినది విన్నప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది నాకు.

ఇక సందేహాలు. ఎలాంటి సందేహం వస్తే రెండో రికార్డింగ్ కొనొచ్చో చెప్తాను.

నాలుగో సింఫనీ చివరి భాగంలో గంటలు మోగుతాయి. స్కోరులో, అంటే ఆయన రాసిన స్వరప్రతిలో, గంటలని ఉంది గానీ ఏ గంటలో విప్పి చెప్పలేదు. కొందరు కండక్టర్లు లోహపు పలకల మీద కొట్టి వాయించే, సన్నగా మెరిసే గ్లాకెన్‌స్పీల్ వాడతారు, ఆయన అనుకున్నది అదే అంటారు. కొందరు చర్చి గంటల్లా మోగే పొడుగాటి గొట్టాలు వాడతారు. ఆ ఒక్క మార్పుతో చివరి భాగం ముఖమే మారిపోతుంది. నీ సెట్‌లో ఏది మోగుతోందో కనిపెట్టు. కనిపెట్టాక రెండోది ఎలా ఉంటుందో వినాలని నీకే అనిపిస్తుంది. అప్పుడు కొను.

ఐదోదానికి ఇంకా పెద్ద సందేహం ఉంది. 1915 డిసెంబరు 8న, ఆయన యాభయ్యో పుట్టినరోజున దాన్ని మొదటిసారి వాయించారు. తృప్తి లేక 1916లో మార్చాడు, మళ్లీ 1919లో మార్చాడు. మనం మామూలుగా వినేది ఆ మూడో రూపం. మొదట నాలుగు భాగాలుండేవి, చివరికి మూడయ్యాయి. మొదటి రెండింటినీ అతుకు కనబడకుండా కలిపేశాడు. ఇప్పటి మొదటి భాగం నెమ్మదిగా మొదలై, ఎక్కడ వేగం అందుకుందో తెలియకుండానే పరుగులోకి వెళ్లిపోతుంది కదా, ఆ మలుపు అలా దిద్దుకోవడంలో వచ్చిందే. 1915 నాటి మొదటి రూపాన్ని కండక్టర్ ఓస్మో వాన్‌స్కా ఫిన్లాండ్‌లోని లాహ్తి ఆర్కెస్ట్రాతో 1995లో రికార్డు చేశాడు. ఐదోది నీకు కంఠతా వచ్చాకే దాన్ని తెప్పించుకో. ముందే వింటే రెండు ఐదోలు కలగాపులగం అయిపోతాయి. కంఠతా వచ్చాక వింటే, ఒక మహానుభావుడు తన పనిని తనే ఎలా దిద్దుకున్నాడో కళ్లముందు కనబడుతుంది. నా దగ్గరున్న వాటన్నిటిలో నాకు ఎక్కువ నేర్పింది ఆ డిస్కే. అన్నట్టు, చివరి భాగంలో హార్న్‌లు ఊయలలా ఊపే పెద్ద పాట ఉంది చూశావూ, 1915 ఏప్రిల్‌లో పదహారు హంసలు తన తల మీద చుట్టు తిరిగి వెళ్లడం చూశానని, తన జీవితంలోని గొప్ప అనుభవాల్లో అదొకటని సిబేలియస్ డైరీలో రాసుకున్నాడు. ఆ పాటకూ ఆ హంసలకూ ముడి అలా పడింది. శీతాకాలంలో తేలినీలాపురం వెళ్లి పెలికాన్లు దిగడం చూసినవాళ్లకు ఆ డైరీ మాట బాగా అర్థమవుతుంది. నువ్వూ ఒకసారి వెళ్లు.

వేగం గురించి సందేహం వస్తే రెండో సింఫనీ తీసుకో. కండక్టర్ రాబర్ట్ కయానుస్ సిబేలియస్‌కి స్నేహితుడు, ఫిన్లాండ్ ప్రభుత్వం డబ్బు పెట్టగా 1930లో లండన్‌లో మొదటి రెండు సింఫనీలూ రికార్డు చేశాడు. ఆయన రెండోదాన్ని దాదాపు 40 నిమిషాల్లో ముగిస్తాడు. 1980లలో కండక్టర్ బెర్న్‌స్టైన్ వియన్నాలో చేసినది 50 దాటుతుంది. కయానుస్‌ది 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత ప్లేట్ల కాలం నాటిది, గరగరలు ఉంటాయి. అయినా స్వరకర్తతో కలిసి తిరిగిన మనిషి చేతి నడక అది. బెర్న్‌స్టైన్‌ది నాకు బరువెక్కువ, నీ వయసులో నచ్చొచ్చు.

కొనేటప్పుడు అట్ట మీది బొమ్మ చూసి మోసపోకు. వెనక్కి తిప్పి మూడు చూడు: ఆర్కెస్ట్రా పేరు, రికార్డు చేసిన సంవత్సరం, ఊరు. కింద అచ్చయిన సంవత్సరం ఆ ముద్రణది, వాయించినది కాదు. ఒకే రికార్డింగ్ నాలుగు అట్టల్లో దొరుకుతుంది. దీనికి తిరగేసినదీ జరుగుతుంది. పావో బెర్గ్‌లుండ్ ఏడింటినీ మూడుసార్లు రికార్డు చేశాడు, బోర్న్‌మత్‌లో, హెల్సింకీలో, తర్వాత 1990లలో ఛాంబర్ ఆర్కెస్ట్రా ఆఫ్ యూరప్‌తో. మూడింటి మీదా ఆయన పేరే ఉంటుంది, మూడూ వేరు. చివరిది తక్కువమందితో చేశాడు కాబట్టి లోపలి వాద్యాలన్నీ విడిగా వినబడతాయి. మూడు, ఆరు సింఫనీలకు నా ఓటు దానికే. కండక్టర్ కరాయన్ పేరుతో పూర్తి సెట్ అని ఎవరైనా అమ్మితే కొనకు. ఆయన మూడోది అసలు రికార్డు చేయలేదు.

మన ఊళ్లకు కావలసిన జాగ్రత్తలు వేరే ఉన్నాయి. పాత బాక్స్ సెట్లలో డిస్కుల మీద పల్చటి స్పాంజి ముక్క పెట్టేవారు. ఏళ్లు గడిచేసరికి అది కరిగి డిస్కుకి అంటుకుని పాడుచేస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ముందు అది తీసి పారెయ్. వానాకాలంలో అట్టలకు బూజు పడుతుంది, గోడకి ఆనించి పెట్టకు. ఎల్‌పీల మోజు ఇప్పుడే వద్దు. నావి ఒకప్పుడు హౌరా మెయిల్ ఎక్కి కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో ఏరి తెచ్చినవి. వాటికి చేసే ఊడిగం వాటిని వినే సమయాన్ని తినేస్తుంది. స్ట్రీమింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2018లో తిత్లీ తుఫానుకి ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు, సిగ్నలు లేవు. డిస్కులన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి ఒక కాపీ నా దగ్గర ఉంచు. యాప్‌లో వింటే పాటల మధ్య గ్యాప్ రాకుండా సెట్టింగ్ మార్చు. రెండో సింఫనీ మూడో భాగం ఆగకుండా నాలుగో భాగంలోకి వెళ్తుంది, అక్కడ తెగితే మొత్తం పోతుంది.

వినే వేళ కూడా ముఖ్యమే. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే, ఐదోదాని చివరి భాగంలో తీగవాద్యాలు మ్యూట్ పెట్టుకుని గుసగుసలాడే చోటు నీకు చేరదు. ఎండాకాలం హెడ్‌ఫోన్ పెట్టుకో. ఫ్యాను అక్కర్లేని రోజులు వచ్చాక రాత్రి పదకొండు దాటాక స్పీకర్ల మీద విను. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు ఉంటుంది కాబట్టి ఆ వేళ కుదరదు.

ఒక నోటుబుక్కు పెట్టు. తేదీ, సింఫనీ, ఎవరిది, ఒక్క వాక్యం. "బాగుంది" అని రాయకూడదు. "ఏడోదానిలో ట్రాంబోన్ పాట రెండోసారి వచ్చినప్పుడు కింద తీగవాద్యాలు కలవరపడుతున్నాయి" అన్నట్టు ఉండాలి. సందేహాలు పుట్టేది ఆ పుస్తకంలోనే. డబ్బు విషయం ఎక్కువ చెప్పను. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలుపుకుని లెక్క వేసుకో, క్రెడిట్ కార్డు మీద మాత్రం కొనకు.

మీ అమ్మకి మూడో సింఫనీ రెండో భాగం వినిపించు. ఒక చిన్న మెత్తటి పాట మళ్లీ మళ్లీ వస్తుంది, కొద్దికొద్దిగా మారుతూ. వంటింట్లోంచి వింటున్నా ఆమెకి నచ్చుతుంది. సింఫనీ అని చెప్పకు, ఊరికే పెట్టు.

సిరిమాను పండక్కి విజయనగరం వస్తున్నాను. వాన్‌స్కా డిస్కు తెస్తాను, కానీ ఐదోది మొదటి భాగంలో వేగం ఎక్కడ మారుతుందో నువ్వు చెప్పగలిగితేనే నీ చేతికిస్తాను. నోటుబుక్కు కూడా చూపించాలి.

మావయ్య