అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం కోసమా, రాష్ట్రాల హక్కుల కోసమా?

అమెరికా అంతర్యుద్ధానికి అసలు కారణం ఏమిటని అడిగారు. బానిసత్వమే. నేను వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ఉంటున్నాను. యుద్ధం నడిచిన కాలంలో చాలావరకు, అమెరికా నుంచి విడిపోయిన రాష్ట్రాలు కట్టుకున్న దక్షిణాది కూటమికి రాజధాని ఈ ఊరే. "అది రాష్ట్రాల హక్కుల కోసం జరిగింది", అంటే కేంద్రం జోక్యం లేకుండా రాష్ట్రాలు తమ చట్టాలు తామే చేసుకోవడం కోసం, అనేవాళ్లు ఆఫీసులోనూ, ఇరుగుపొరుగులోనూ ఇప్పటికీ తగులుతుంటారు. మంచివాళ్లే, చిన్నప్పటి నుంచీ ఇంట్లో విన్న మాటే చెబుతారు. అందుకే విడిపోయిన రాష్ట్రాలు తమ కారణాలు చెబుతూ రాసుకున్న ప్రకటనలు తీసి చదివాను.

1860 డిసెంబరు 20న అందరికంటే ముందు విడిపోయింది సౌత్ కరోలినా. పారిపోయి వచ్చిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు పట్టి అప్పగించడం లేదన్నది ఆ ప్రకటనలో పెద్ద ఫిర్యాదు. బానిసను వెంటబెట్టుకుని తమ మీదుగా వెళ్లడానికి కూడా న్యూయార్క్ కోర్టులు ఒప్పుకోవడం లేదని ఇంకోటి. రాష్ట్రాల హక్కులంటూనే, తన గడ్డ మీద ఏ చట్టం నడవాలో న్యూయార్క్ నిర్ణయించుకోకూడదట! పారిపోయినవాళ్లను పట్టివ్వాలంటూ 1850లో కేంద్రం చేత కఠినమైన చట్టం చేయించుకున్నదీ దక్షిణాది నాయకులే. మిసిసిపీ అయితే తమ స్థితి బానిసత్వంతో పూర్తిగా ముడిపడి ఉందని మొదట్లోనే రాసేసింది. ఇవి చదివాక నాకు ఇంకే సందేహమూ మిగల్లేదు.

అప్పటికి దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలు. దక్షిణాది పత్తి సంపదంతా వాళ్ల చెమటే. 1860లో అధ్యక్షుడిగా గెలిచిన లింకన్, ఉన్నచోట బానిసత్వాన్ని తీసేస్తానని ఎన్నికల్లో అనలేదు, కొత్త ప్రాంతాలకు పాకనివ్వనన్నాడు. ఆ మాత్రానికే ఏడు రాష్ట్రాలు ఆయన పదవి చేపట్టక ముందే విడిపోయాయి. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాక మరో నాలుగు కలిశాయి.

మొదట్లో లింకన్ పోరాడింది దేశం ముక్కలు కాకుండా ఉండాలని. ఆ యుద్ధాన్ని విముక్తి వైపు నెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది బానిసలనే. మా ఊరికి దగ్గర్లో సముద్రం ఒడ్డున మన్రో కోట ఉంది. 1861 మే 23 రాత్రి ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మల్లరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవలో, ఉత్తరాది సైన్యం చేతిలోనే ఉన్న ఆ కోట చేరారు. దక్షిణాది సైన్యం వాళ్ల చేత ఫిరంగుల దిబ్బ కట్టిస్తోంది. యజమాని తరఫున మనిషి వచ్చి చట్ట ప్రకారం అప్పగించమని అడిగాడు. వర్జీనియా తనది వేరే దేశమంటోంది కదా, ఆ చట్టం మీకు వర్తించదని కోటలోని ఉత్తరాది సైన్యాధికారి జనరల్ బట్లర్ తిప్పి పంపాడు. కబురు తెలిసి వందల మంది, తర్వాత వేల మంది పిల్లాపాపలతో ఆ కోటకు వచ్చేశారు. ఆ గోడల దగ్గర నిలబడ్డప్పుడు నాకు మాట రాలేదు. 1619లో వర్జీనియాకు తెచ్చిన తొలి ఆఫ్రికన్లను దింపింది కూడా ఆ ఒడ్డునే.

1863 జనవరి 1న, తిరుగుబాటు ప్రాంతాల్లోని బానిసలు ఇక స్వతంత్రులని చెబుతూ లింకన్ విముక్తి ప్రకటన వచ్చింది. సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సైన్యంలో పోరాడారు. 6 లక్షలకు పైగా ప్రాణాలు పోయాక, 1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణతో దేశమంతటా బానిసత్వం రద్దయింది.

మీరు ఎప్పుడైనా వాషింగ్టన్ వస్తే మన్రో కోటకు కూడా వెళ్లండి. కారులో సుమారు మూడు గంటలు. వెళ్లేముందు సౌత్ కరోలినా ప్రకటన ఒకసారి చదవండి, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.