కోరంగి వెళ్ళే ముందు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. అందులో ఇరవై నిమిషాలు నీ గురించే. బళ్ళో సైన్సు క్లబ్బు పెట్టావట, నవంబరు రెండో శనివారం 44 మంది పిల్లల్ని కోరంగి మడ అడవులకి తీసుకెళ్తున్నావట, ఫ్లెక్సీ కూడా కొట్టించావట. "అచ్చం నీ పోలికే అన్నయ్యా" అంది. పొగిడిందో తిట్టిందో నాకు అర్థం కాలేదు. మీ అత్తయ్యకి చెప్పినప్పుడు నా గొంతు కాస్త పెద్దదైన మాట మాత్రం నిజం. తీరా పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను, ముందు మామూలు సంగతులు అయిపోనీ.

తల్లిదండ్రుల సంతకాలు వారం ముందే తీసుకో. బస్సు అడ్వాన్సు రసీదు దాచుకో. వాంతులయ్యే పిల్లలు ఎవరో ముందే కనుక్కుని కిటికీ పక్కన కూర్చోబెట్టు. పులిహోర చాలు, పెరుగన్నం వద్దు, ఆ ఎండకి పులిసిపోతుంది. దారిలో ఆడపిల్లలకి శుభ్రమైన బాత్రూమ్ ఎక్కడుందో నువ్వే ముందు వెళ్ళి చూసిరా. ఇది నాకు సర్వీసులో చాలా ఆలస్యంగా తెలిసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా బిగబట్టుకున్న పిల్లలు ఏ చెట్టు చూస్తారు, ఏం నేర్చుకుంటారు? ఇంట్లోవాళ్ళు "ఆడపిల్లని అంత దూరం ఎందుకండీ" అంటే ఉత్తరం పంపి ఊరుకోకు, ఇంటికి వెళ్ళి మాట్లాడు. పదో తరగతి వాళ్ళకి పరీక్షలని హెడ్మాస్టరు గారు అడ్డుపడితే ఒకటికి రెండుసార్లు బతిమాలు.

ఆ ఫ్లెక్సీ ఎందుకే నీకు? ఆ డబ్బుతో నాలుగు భూతద్దాలు వచ్చేవి. పైకి ఫొటోలు పంపాలంటావు, తెలుసు. బస్సు ఎక్కేముందు ఒక్కటి తీసేసి దాన్ని చుట్టి డిక్కీలో పడెయ్. అక్కడికి వెళ్ళాక ఆ బట్ట పట్టుకుని పిల్లల్ని వరసల్లో నిలబెట్టావంటే అరగంట పోయినట్టే.

అక్కడ అన్నీ చూపించాలని తాపత్రయపడకు. మూడు చాలు. తెల్ల మడ ఆకు మీద ఉప్పు పలుకులు ఉంటాయి, నాలుకతో తాకించు. ఉప్పు నీళ్ళు తాగి, ఆ ఉప్పుని ఆకులోంచి కక్కేసే చెట్టు ఉందని పుస్తకంలో పదిసార్లు చదివినా ఎక్కనిది ఆ ఒక్క నాకుడుతో ఎక్కుతుంది. కానీ జాగ్రత్త, ఆ ఆకు ఒక్కటే, అదీ నువ్వు తెంపి ఇచ్చాకే. అదే అడవిలో తిల్ల చెట్టు కూడా ఉంటుంది. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ముందు తిల్లని చూపించి, ఆ తర్వాతే మడ దగ్గరికి తీసుకెళ్ళు. రెండోది, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చే శ్వాస వేర్లు. మూడోది ఉప్పు పొన్న. దాని విత్తనం చెట్టుకి ఉండగానే మొలకెత్తి ములక్కాడలా వేలాడుతుంది, తల్లిని వదిలేసరికే పిల్ల తయారు. ఇక బురద మీద గెంతే చేపల్నీ, ఒక చెయ్యి ఒంటికన్నా పెద్దదిగా ఉండే పీతల్నీ నువ్వు చూపించక్కర్లేదు, పిల్లలే నీకు చూపిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1993. నాకు 34 ఏళ్ళు. ఇప్పుడు అక్కడ పిల్లలు నడిచే చెక్క వంతెన అప్పటికి లేదు. మడ అడవి చూడాలంటే పడవెక్కి కాలవలో వెళ్ళి బురదలో దిగడమే. కార్తీక పౌర్ణమికి సెలవు, పైగా వనభోజనాల రోజులు, పెద్దవాళ్ళు కాదనరు కదా అని ఆ రోజే పెట్టాను. నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. రెండు వారాల ముందే తొమ్మిదో తరగతిలో బోర్డు మీద సూర్యుణ్ణీ భూమినీ చంద్రుణ్ణీ ఒకే గీత మీద గీసి, అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రానికి పోటు ఎందుకు ఎక్కువో పాఠం చెప్పాను. ఆ చేత్తోనే వెళ్ళి పౌర్ణమి నాటికి పడవ మాట్లాడి వచ్చాను.

37 మంది పిల్లలు, నేను, డ్రిల్లు మేష్టారు. మేం దిగేసరికి నీరు బాగా తీసి ఉంది. ఎక్కడ చూసినా నల్లటి బురద, దాని నిండా పీతల బొరియలు. నాకు పట్టరాని ఉత్సాహం. "తలో చోట కూర్చోండి. ఒక్క ప్రాణిని ఎంచుకుని కదలకుండా చూడండి, చూసింది రాయండి" అన్నాను. నాలుగున్నరకి ఈల వేశాను. అందరూ పడవెక్కారు. తలలు లెక్కపెట్టాను, 37. పడవ బయల్దేరింది.

సుమారు అరగంట వెళ్ళాక అరటిపళ్ళు పంచుతున్నాను. మూలన ఖాకీ నిక్కరేసుకున్న కుర్రాడికి పండు ఇవ్వబోతే వెనక్కి జరిగి, "నాకెందుకండీ, నేను మీ బడి కాదండి" అన్నాడు.

పడవవాడి కొడుకు.

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది బుజ్జీ. చేతిలో అరటిపండుతో అలాగే నిలబడిపోయాను. పడవ తిప్పమని అరిచింది డ్రిల్లు మేష్టారు, నేను కాదు. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం పిల్లలు కూర్చున్న బురద లేదు. నీళ్ళే. ఏ చెట్టు చూసినా ఒకేలా ఉంది. కార్తీక మాసం, అయిదున్నర దాటితే చీకటే కదా. పేరు పెట్టి కేకలు వేస్తుంటే నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినిపించింది. అప్పుడు తూర్పున చంద్రుడు లేచాడు, ఇంతింత, ఎర్రగా. నేను బోర్డు మీద గీసినవాడే. ఆ వెలుగులోనే తప్పిపోయిన మా కుర్రాణ్ణి చూశాం. ఉప్పు పొన్న వేళ్ళ మీద నిలబడి మాను కావలించుకుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా నీళ్ళు. నోట్సు చొక్కా లోపల దోపుకున్నాడు.

పడవలోకి లాగగానే కొట్టబోయాను. నిజం చెప్తున్నాను, చెయ్యి ఎత్తాను. "ఈల వినపడలేదురా?" అంటే, "వినపడిందండి. పీత అప్పుడే బయటికొచ్చిందండి. మీరు కదలొద్దన్నారు కదండీ" అన్నాడు. కాసేపాగి, వణుకుతూనే, "అరగంటకి జానెడు లేస్తోందండి నీళ్ళు. వేరుకి రుమాలు కట్టి చూశానండి" అన్నాడు.

మర్నాడు వాళ్ళ నాన్న బడికి వచ్చాడు. కల్లు గీసే మనిషి. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. "మీరు చూసుకుంటారనే కదండీ పంపాం" అని ఆ ఒక్క ముక్క అని వెళ్ళిపోయాడు. వారం రోజులు నాకు అన్నం సహించలేదు. సైన్సు క్లబ్బు బీరువాకి తాళం వేసేశాను. ఆ కుర్రాడు మాత్రం శనివారం శనివారం గుమ్మం దగ్గరికి వచ్చి "ఈవేళ క్లబ్బు లేదాండీ?" అని అడిగేవాడు. "పరీక్షలున్నాయిరా" అనేవాణ్ణి. పరీక్షలు లేనప్పుడు కూడా అదే మాట. పది పాసై వెళ్ళిపోయాడు. మళ్ళీ కనపడలేదు.

ఆ తాళం ఆరేళ్ళు తియ్యలేదు. 1999 ఆగస్టు 11న సూర్యగ్రహణం వచ్చినప్పుడు బడి గేటు దాటకుండా పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టాను, అంతవరకే నా ధైర్యం. మబ్బు పట్టి ఏమీ కనపడలేదు. అయినా పిల్లలు కదల్లేదు, మబ్బు వంకే చూస్తూ నిలబడ్డారు. మర్నాడు బీరువా తెరిస్తే భూతద్దాలకి బూజు.

కాబట్టి తల్లీ, తలలు లెక్కపెట్టకు. పేర్లు పిలువు. కాగితం మీద రాసుకున్న పేర్లు, గట్టిగా, ఒక్కొక్కరి మొహం చూస్తూ. బస్సెక్కినప్పుడు, గేటు దగ్గర, వంతెన దిగాక, మళ్ళీ బస్సు కదిలే ముందు. ఇద్దరిద్దర్ని జత కట్టు, నా పక్కన ఫలానావాడు లేడని చెప్పే బాధ్యత రెండోవాడిది. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ, డ్రైవరు కొడుకునీ ఎక్కించుకోవద్దు. ఎవరైనా ఎక్కితే ముందే వేరే కూర్చోబెట్టు. పిల్లలు నవ్వుతారు, తోటి టీచర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నువ్వు అనుకున్న రోజు పౌర్ణమికో అమావాస్యకో ఎంత దగ్గరో పంచాంగం చూడు, ఆ రోజు పోటు ఎన్ని గంటలకో ఫోన్లో చూడు. చూసి ఊరుకోకు, అక్కడి పడవవాళ్ళని కూడా అడుగు. ఈ రోజు వచ్చిన పోటు రేపు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని నీకు తెలుసు, కానీ ముందు రోజు కనుక్కున్న టైముని మర్నాటికి వాడేసే టీచర్లని నేను చూశాను. పడవ షికారు అని పిల్లలు గొడవ చేస్తే లైఫ్ జాకెట్లు అందరికీ సరిపోతేనే. లేకపోతే లేదు, అంతే. నవంబరు కదా, వాయుగుండం అన్న మాట వినపడితే ప్రయాణం వాయిదా వెయ్. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను నువ్వు చూడలేదు, మీ అమ్మ చూసింది. కొత్త కాపురం, కోనసీమలో. తెల్లారేసరికి కొబ్బరి తోటలు పడుకుని ఉన్నాయి. అదే కోరంగి ఒకప్పుడు ఓడలు ఆగే పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ముంచేసింది. పిల్లలకి వంతెన మీద నడుస్తూ ఈ కథ చెప్పు. ఉప్పెనకి అడ్డుగా మడ చెట్లు అక్కడ ఎందుకు ఉండాలో వేరే వివరించక్కర్లేదు.

నీళ్ళ గురించే ఇంత రాశానని నవ్వుకుంటున్నావేమో. మీ అత్తయ్యా అదే అంటుంది, బక్కెట్టు నిండినా ఈయనకి భయమే అని.

ఇంకోటి. క్లబ్బంటే ప్రతిసారీ బస్సు మాట్లాడక్కర్లేదు. కడియం నర్సరీలు మీకు దగ్గరే, అంటు కట్టేవాళ్ళ పక్కన ఒక పూట కూర్చోబెట్టు. ధవళేశ్వరం బ్యారేజీ ఉంది. ఏ బస్సూ లేకపోతే బడి కప్పు ఉంది. 1980 ఫిబ్రవరి 16 గ్రహణం నాడు బీఎస్సీ చదువుతున్న నన్ను కూడా మీ అమ్మమ్మ గదిలో పెట్టి గొళ్ళెం వేసింది, మీ అమ్మతో పాటు. దానికి పదేళ్ళు. పెంకుల సందుల్లోంచి నేల మీద రోజూ గుండ్రంగా పడే వెలుగు మచ్చలు మూడున్నర దాటాక ఒక్కొక్కటీ నెలవంకలైపోయాయి. గది నిండా చిన్న చిన్న సూర్యుళ్ళు, అన్నీ కొరికేసినట్టు. మీ అమ్మ వాటిని అరచేతిలో పట్టుకోవాలని చూసింది. అడిగి చూడు, గుర్తుందేమో.

బస్సులో 44 మందీ టీచర్లూ పోగా వెనకాల ఒక సీటు మిగిలితే నాకు చెప్పు. పొద్దున ఆరింటికల్లా రోడ్డు మీద నిలబడి ఉంటాను. మోకాళ్ళ నొప్పులే గానీ చెక్క వంతెన మీద నడవగలను. పులిహోర నాది నేను తెచ్చుకుంటాను. నన్ను మాత్రం పిల్లల లెక్కలో వెయ్యకు.

మీ మావయ్య