విశాఖలో మా అక్వేరియం ట్యాంకులో ఏంజెల్ ఫిష్‌తో పాటు ఉన్న నియాన్ టెట్రాలు (చిన్న రంగు చేపలు) ఒక్కొక్కటే మాయం, చచ్చిన చేప కూడా దొరకదు. ఎందుకు?

ట్యాంకులో ఏంజెల్ ఫిష్ ఉందన్నారు కదా, నా మొదటి అనుమానం దాని మీదే. కొన్నప్పుడు రూపాయి బిళ్లంతే ఉన్నా, పెరిగాక నియాన్ దాని నోట్లో పట్టేస్తుంది. లైటు ఆపిన గంటకు టార్చి వేసి, అది వేటాడుతోందేమో చూడండి.

చచ్చిన చేప దొరకకపోవడం వింతేమీ కాదు. విశాఖ వేసవిలో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే. నియాన్‌లకు 22–26 హాయి. 30 దాటిన వేడికి చచ్చిన చిన్న చేప త్వరగా కుళ్లుతుంది, మిగిలింది తెల్లారేలోగా నత్తలు, రొయ్యలు మొక్కల చాటున తినేస్తాయి. మూత లేకపోతే చేప బయటికి దూకి ఉండొచ్చు, స్టాండు వెనక నేల మీదా వెతకండి (మా ఇంట్లో చీమలబారు చూపించింది). నీళ్లలో అమ్మోనియా, నైట్రైట్ (చేపల వ్యర్థాల వల్ల చేరే విషాలు) టెస్టు చేయండి, రెండూ సున్నా ఉండాలి. లేకపోతే క్లోరిన్ పోగొట్టిన నీళ్లతో పావువంతు మార్చండి. కారణం తేలేదాకా కొత్త చేపలు వద్దు.