మా పని మీద వచ్చి తమ్ముడి కాలు విరిగింది, నేనెవరి వైపు మాట్లాడాలి?

ప్రశ్న: మాది నరసాపురం అవతల శివారు ఊరు. కౌలు వ్యవసాయం. సార్వా (వానాకాలం పంట) ధాన్యం కౌలుకీ అప్పులకీ సరిపోతుంది, దాళ్వాలో (రెండో పంటలో) వచ్చిందే మాకు మిగిలేది. సంక్రాంతికి ముందు కాలువ నీళ్లు వంతులవారీగా వదిలితే మా చేలదాకా రాలేదు. నారుమడి ఎండిపోతోందని, మురుగుకాలువ దగ్గరికి ఆయిలింజను మోయడానికి మావారు మా తమ్ముణ్ణి సాయం రమ్మన్నారు. వాడు సఖినేటిపల్లి వైపు ఉంటాడు, టైల్స్ పని చేస్తాడు. తెల్లవారుజామున మంచులో నలుగురు మోసుకెళ్తుంటే, బోదె (చిన్న కాలువ) దాటడానికి వేసిన తాటిపట్టెల దగ్గర జారి ఇంజను వాడి కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. లక్షా 30 వేలు అయింది. మావారు 40 వేలు ఇచ్చారు. ‘ఆగరా అంటే ఆగకుండా వాడే అడుగేశాడు’ అంటారాయన. ‘ముందుకు నడవమన్నది బావే’ అంటాడు తమ్ముడు. ‘నా కొడుకుని అవిటివాణ్ణి చేశారు’ అని మా అమ్మ ఆసుపత్రిలో అందరి ముందూ అనేసింది. అప్పట్నుంచి ఆయన మా పుట్టింటి గడప తొక్కలేదు, పండక్కి నన్నూ పంపలేదు. డబ్బు సంగతి ఎత్తితే తమ్ముడు ‘వదిలేయ్ అక్కా’ అంటాడు. మా మరదలు నాతో మాట్లాడటం మానేసింది. ఆయనకి తెలియకుండా నా గాజులు తాకట్టు పెట్టి వాళ్లకి డబ్బు ఇద్దామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: ముందు గాజుల సంగతి. ఆయనకి తెలియకుండా మాత్రం పెట్టకండమ్మా. గాజులు మీవే, వాటి మీద మీ హక్కును నేను కాదనను. కానీ బోసి చేతులు ఎన్నాళ్లు దాస్తారు? వడ్డీ కట్టమని బ్యాంకు మెసేజ్ ఆయన కంటపడిన రోజున ‘అయితే నువ్వు కూడా తప్పు నాదేననుకున్నావన్నమాట’ అంటారు. ఆ మాటకి మీ దగ్గర జవాబుండదు. అటు చూస్తే మీ తమ్ముడికి అందేది అక్క డబ్బు. ‘వదిలేయ్ అక్కా’ అన్నవాడు మీ నుంచి డబ్బు కోరుకోవడం లేదు. బావ ఒక్కసారి వచ్చి మంచం పక్కన కూర్చుంటాడేమోనని చూస్తున్నాడు.

ఇక తప్పెవరిదన్న గొడవ. పాత ఆయిలింజను పంపుతో కలిపి 150 కిలోలకి తక్కువుండదు. వాసానికి తాళ్లతో వేలాడగట్టి నలుగురు మోస్తే, గట్టు మీద మనిషికి ఏ 40 కిలోలో పడుతుంది. అలవాటున్నవాళ్లు మోయగలిగిందే. తాటిపట్టె దగ్గరికి వచ్చేసరికి పక్కపక్కన నడిచే చోటుండదు. ఒకరు ఎక్కుతారు, పక్కవాడు ఆగుతాడు, ఇంజను ఊగుతుంది. ఊగిన వైపు ఉన్నవాడి భుజం మీదికే బరువంతా వస్తుంది. రాత్రంతా మంచు పడి తడిసిన పట్టె మీద ఉత్త చేతులతో వెళ్లేవాడికే కాలు నిలవదు. ఆ క్షణంలో ఒకరు ‘ఆగు’ అని ఉండొచ్చు, ఇంకొకరు ‘నడు’ అని ఉండొచ్చు. ముందున్నవాడికి ఒకటే వినపడి ఉండొచ్చు. మీ ఆయనా, మీ తమ్ముడూ ఇద్దరూ నిజమే చెబుతున్నారని నాకనిపిస్తోంది. పొద్దెక్కి మంచు విడిచాక కదిలితే బాగుండేది, పంపు విప్పి విడిగా మోసినా బాగుండేది. కానీ నారు కళ్లముందు ఎండిపోతుంటే ఎండ వచ్చేదాకా ఏ రైతు కూర్చుంటాడు చెప్పండి?

కాబట్టి ఆ పంచాయితీ ఇక మీ ఇంట్లో జరగనివ్వకండి. అది తేలదు, తేలాల్సిన పనీ లేదు. మీ ఆయన తప్పు పిసరంత కూడా లేదనే అనుకుందాం. అయినా సరే, తన చేలో పనికి, తను పిలిస్తే, రూపాయి అడగకుండా రేవు దాటి వచ్చిన మనిషి పడ్డాడు. కూలికి వచ్చిన మనిషి పడిపోయినా మంచి రైతు ఇంటికెళ్లి చూసి వస్తాడు, ‘ఇల్లెలా గడుస్తోంది’ అని అడుగుతాడు. బావమరిదికి అంతకంటే తక్కువ జరిగితే ఎలా? ఈ విషయంలో నేను మీ తమ్ముడి వైపే ఉన్నాను, దాచుకోవడం లేదు.

అలాగని మీ ఆయన్ని రాతిమనిషి అనుకోలేను. కౌలు రైతు ఇంట్లో, చేతిలో డబ్బాడని రోజుల్లో, 40 వేలు ఎక్కడి నుంచి వచ్చాయో మీకే బాగా తెలుసు. అది తెచ్చిచ్చిన మనిషికి ఆసుపత్రిలో దక్కింది అత్తగారి మాట. ఆయన కళ్లముందే ఇంజను పడింది. ఆ టెన్షన్ ఎవరితోనూ చెప్పుకోలేక, మొహం చెల్లక, దాన్ని కోపంగా మార్చుకున్నారు. తప్పు ఒప్పుకోమని ఎంత ఒత్తిడి చేస్తే అంత బిగుసుకుపోతారు.

పిల్లలు పడుకున్నాక, డబ్బు ఊసెత్తకుండా, ఇలా అని చూడండి: ‘ఏవండీ, తప్పు మీదని నేననడం లేదు. వాడు మన పని మీద వచ్చి పడ్డాడు. ఒకసారి మీరొస్తే వాడి మనసు కుదుటపడుతుంది.’ అంతే. వెంటనే జవాబు రాకపోతే రెండు రోజులు ఊరుకోండి. నరసాపురం రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు సఖినేటిపల్లే కదా, ప్రయాణం పెద్ద అడ్డంకేమీ కాదు. అక్కడికి వెళ్లాక ఆ రోజు ఏం జరిగిందో ఎవరూ వివరించొద్దు. నిద్ర పడుతోందా, మోకాలు ఎంతవరకు వంగుతోంది, ఈ నెల ఇంట్లోకి ఏం కావాలి, ఈ మాటలు చాలు. ఎన్ని చెప్పినా ఆయన రానంటే, చెప్పి మీరొక్కరే వెళ్లండి. తమ్ముణ్ణి చూడటానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వెళ్లే ముందు మీ అమ్మగారితో విడిగా మాట్లాడండి. కొడుకు గురించి భయంతో అన్న మాటే, నాకు అర్థమైంది. కానీ ‘అవిటివాడు’ అన్నది మీ ఆయనకంటే ముందు మంచం మీదున్న మీ తమ్ముడి చెవిన పడుతోంది. కాలు మళ్లీ నిలబడుతుందో లేదోనని లోలోపల బెంగపడుతున్న కుర్రాడికి ఆ మాట ఎంత కోతో ఆవిడకి తట్టి ఉండదు. ‘అల్లుడు వస్తే ఒక్క పూట ఏమీ అనకు’ అని బతిమాలుకోండి. అయినా ఒక మాట జారితే మీ ఆయన్ని పడమనండి. పెద్దావిడ, తల్లి.

మీ మరదలి మౌనం గురించి ఎక్కువ బాధపడకండి. ఆమె లెక్క వేరు. ఆసుపత్రి బిల్లు ఒక ఎత్తు, సంపాదన ఆగిపోవడం ఇంకో ఎత్తు. ఈ ఎముక విరిగితే పూర్తిగా అతకడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. రోజంతా గొంతుక్కూర్చుని చేసే టైల్స్ పనికి మోకాలు సహకరించడానికి ఇంకాస్త పట్టొచ్చు. అన్నాళ్లూ ఆ ఇల్లు నడవాలి. అందుకే మొదట తీసుకెళ్లాల్సింది బియ్యం. సార్వాలో తిండికి ఉంచుకున్నవాటిలోంచి రెండు బస్తాలు మీ ఆయన చేత్తోనే దింపించండి. మిగతా డబ్బులో ఎంత భరించగలరో, దాళ్వా కోతల తర్వాత ఎంతివ్వగలరో మీరిద్దరూ కూర్చుని తేల్చుకుని, బావమరిది ముందు ఆయన నోటితోనే చెప్పించండి. అప్పుడు గాజులు పెట్టాల్సి వచ్చినా ఇద్దరికీ తెలిసి పెట్టండి.

బిల్లులు ఒరిజినల్స్ పోగొట్టుకోవద్దని చెప్పండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టాలంటే అవే అడుగుతారు. ఎంత వస్తుందో, ఎప్పుడొస్తుందో నమ్ముకుని కూర్చోవద్దు, కానీ పెట్టడం మానొద్దు. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే కార్మిక శాఖ ఆఫీసులోనూ ఒకసారి అడగమనండి. తెల్లకార్డు ఉంటే, ఇకముందు ఆ కాలుకి మళ్లీ ఆపరేషన్ అవసరమైనా ముందుగా ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న ఆసుపత్రిలో కనుక్కోండి. ఎవరో చెప్పారని నాటు కట్టు కట్టించడానికి మాత్రం తీసుకెళ్లనివ్వకండి, లోపల రాడ్డు ఉంది. సిగరెట్ అలవాటుంటే మానమనండి, ఎముక అతకడాన్ని అది ఆలస్యం చేస్తుంది.

ఈసారి ఎక్స్‌రేకి తమ్ముణ్ణి మీ ఆయన్నే తీసుకెళ్లమనండి. కాలు ఎప్పుడు మోపొచ్చో, పనికి ఎప్పుడు పోవచ్చో డాక్టర్ నోటి నుంచి బావా బావమరుదులిద్దరూ కలిసి వింటే, మధ్యలో మీరు మాటలు మోయాల్సిన పని తప్పుతుంది.