జార్జియా ఎన్ని, విజయనగరం ఎన్ని: ఒకే పేరున్న ఊళ్లకు చుట్టరికం ఉంటుందా?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. తమ్ముడికి జార్జియాలో ఎంబీబీఎస్ సీటు వచ్చిందని చెబితే మీ మావయ్యగారు "అట్లాంటాలో మనవాళ్లున్నారు, టెన్షన్ వద్దు" అన్నారని, అసలు ఒకే పేరు ఇన్ని చోట్ల ఎందుకుంటుందని అడిగారు. మన విజయనగరం హంపి విజయనగరం వాళ్లు కట్టిందేనా అన్నది రెండోది. నేను శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టికెట్ బుకింగ్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. పొద్దున్నుంచి రాత్రి వరకు ఊళ్ల పేర్లు టైపు చేయడమే నా పని కాబట్టి ఈ విషయం నాకు బాగా పట్టింది. కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు జార్జియా. మీ తమ్ముడు వెళ్లేది నల్లసముద్రం ఒడ్డునున్న దేశం. రాజధాని టిబిలిసి. 1991 దాకా సోవియట్ యూనియన్‌లో ఉండేది. అక్కడివాళ్లు తమ దేశాన్ని జార్జియా అనరు, సకార్త్‌వెలో అంటారు. జార్జియా అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. పర్షియన్లు ఆ జనాన్ని గుర్జ్ అని పిలిచేవారనీ, అదే నోళ్లు మారి ఇలా అయిందనీ ఎక్కువమంది పండితులు చెబుతారు. మీ మావయ్యగారు చెప్పిన అట్లాంటా ఉన్నది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో. అది ఇంగ్లండ్ రాజు రెండో జార్జ్ 1732లో ఇచ్చిన చార్టర్‌తో ఏర్పడిన వలస, ఆయన పేరే పెట్టారు. ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు.

మూడో జార్జియా కూడా ఉంది. దక్షిణ అట్లాంటిక్‌లో మంచు కప్పిన ఒక దీవి, దాని పేరు సౌత్ జార్జియా. 1775లో కెప్టెన్ కుక్ అక్కడ దిగి మూడో జార్జ్ పేరు పెట్టాడు. ఆ మూడో జార్జ్ రెండో జార్జ్‌కు మనవడు. అంటే అమెరికా రాష్ట్రం, ఆ మంచు దీవి తాతామనవళ్ల పేర్లతో ఉన్నాయన్నమాట. ఆ రెండింటికీ చుట్టరికం ఉంది, మీ తమ్ముడు చదవబోయే దేశానికి మాత్రం లేదు. ఆ వంశంలోని జార్జ్ పేరు మన దగ్గరా ఉంది. మన మూడు నాలుగు జిల్లాల్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా వైజాగ్ కేజీహెచ్‌కి, అంటే కింగ్ జార్జ్ హాస్పిటల్‌కి, తీసుకెళ్లమంటాం కదా, ఆ కింగ్ జార్జ్ అయిదో జార్జ్. 1910 నుంచి 1936 వరకు రాజుగా ఉన్నాడు. లక్నోలో కింగ్ జార్జ్ మెడికల్ యూనివర్సిటీ ఉన్నది కూడా ఆయన పేరుతోనే.

అందుకే పేరు ఒకటేనని కనిపించగానే నేను చూసేది, ఆ పేరు ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అన్నదే. అది తెలిస్తే చుట్టరికం ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు మన విజయనగరం. హంపి దగ్గరి విజయనగర రాజ్యం 1336లో మొదలైందని చెబుతారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత ఆ రాజధాని పాడుబడింది. మన విజయనగరం కోటకు పునాది వేసింది 1713లో, అంటే దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత. విజయ నామ సంవత్సరం, విజయదశమి రోజు, ఇక్కడి రాజు పూసపాటి విజయరామరాజు పేరు మీద వేశారని ఊళ్లో పెద్దలు చెబుతారు. పంచాంగం లెక్క కట్టి చూడండి, 1713 విజయ నామ సంవత్సరమే. 2013 కూడా విజయే, మధ్యలో అయిదు అరవైలు. కాబట్టి మన ఊరి పేరులోని విజయం హంపి నుంచి వచ్చింది కాదు.

అయితే హంపి రాజు ఈ ప్రాంతానికే రాలేదనుకోకండి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో సింహాచలం వచ్చాడు. 1516 నాటి ఆయన శాసనం గుడిలో ఉంది. కానీ అప్పటికి మన విజయనగరం కోట ఇంకా లేదు. రాయలు సింహాచలం వచ్చిన రెండు వందల ఏళ్లకు కట్టిన కోట అది. ఈ రెండు నిజాలనూ కలిపేసి "రాయలవారే కట్టించి పేరు పెట్టారు" అనేవాళ్లను చాలామందిని చూశాను. వినడానికి బాగానే ఉంటుంది, నాకు మాత్రం బాధేస్తుంది. ఎందుకంటే అలా అన్న మరుక్షణం మన ఊరి సొంత కథ మరుగున పడిపోతుంది. 1757 బొబ్బిలి యుద్ధం, 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయిన చిన విజయరామరాజు, గురజాడ, ఆదిభట్ల నారాయణదాసు, ఆయన మొదటి ప్రిన్సిపాల్‌గా నడిచిన సంగీత కళాశాల, ఇవన్నీ ఈ విజయనగరానివి. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ మహారాజ్‌కుమార్ ఆఫ్ విజయనగరం. బయటివాళ్లు ఆయన్నీ హంపి వంశం వాడనుకుంటారు. కాదు, మన పూసపాటివారే.

ఫారాలు నింపేవాళ్లకు ఇంకో చిక్కు ఈ మధ్యే వచ్చింది. 2021లో కర్ణాటకలో బళ్లారి నుంచి విడదీసి విజయనగర అనే జిల్లా ఏర్పాటు చేశారు. ముఖ్య పట్టణం హొసపేటె. దేశం మొత్తం జిల్లాల జాబితా ఉన్న వెబ్‌సైట్లలో రెండూ కనిపిస్తాయి. ఇంగ్లీషు స్పెల్లింగులో జెడ్ అక్షరం ఉంటే మనది, జె ఉంటే వాళ్లది. పిన్‌కోడ్ చూస్తే ఇంకా తేలిక, మన విజయనగరానివి 535తో మొదలవుతాయి, హొసపేటెవి 583తో. ఇవి కాక హైదరాబాద్‌లో విజయనగర్ కాలనీ, బెంగళూరులో విజయనగర్ ఉన్నాయి.

శ్రీకాకుళం సంగతి మరీ దగ్గరది. శ్రీకాకుళాలు రెండు. రెండోది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణా నది ఒడ్డున ఉన్న ఊరు. ఆంధ్ర మహావిష్ణువు గుడి అక్కడ ఉంది. కళింగ దండయాత్రకు వెళ్తూ రాయలు ఆగింది, స్వామి కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నది ఆ శ్రీకాకుళంలో.

కొన్నేళ్ల కిందట కరీంనగర్ వైపు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య మా సెంటర్‌కి వచ్చారు. ఆయన చేతిలో నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్ కాగితం. "శ్రీకాకుళం, ఆంధ్ర మహావిష్ణువు, రాయలవారికి కల వచ్చిన గుడి" అని నీలం బాల్‌పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. ఆమదాలవలసలో రైలు దిగి ఆటో ఎక్కారు. గుడికి తీసుకెళ్లమంటే ఆటో కుర్రాడు "ఏ గుడికండీ, అరసవిల్లి సూరినారాయణసామి గుడికేనా?" అన్నాడట. కాదంటే వాడికీ ఏం తోచక, కంప్యూటర్ ఉన్న చోటని నా దగ్గర దించి పోయాడు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఫోన్‌లో మ్యాపు తీసి చూపించాను. ఆవిడ ఆ మ్యాపు వైపు కాసేపు చూసి "ఇంత దూరం వచ్చినం కద బిడ్డా" అంది. ఆ మాటకు నాకు ఏం చెప్పాలో తెలియలేదు. వచ్చినవాళ్లు వట్టి చేతులతో వెళ్లకూడదని అరసవల్లి దర్శనం చేసుకోమన్నాను. విష్ణువునే చూడాలనుకుంటే శ్రీకూర్మం దగ్గరే, తాబేలు రూపంలో ఉన్న స్వామి గుడి చాలా అరుదని చెప్పాను. మర్నాటికి విజయవాడ టికెట్ తీసిచ్చి, అక్కడి నుంచి అవనిగడ్డ వైపు వెళ్లాలని అదే కాగితం వెనక రాసిచ్చాను. ఈసారి జిల్లా పేరు కింద గీత కూడా గీశాను.

మన స్టేషన్ కోడ్‌తో వచ్చే గందరగోళం కూడా ఇలాంటిదే. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ కోడ్ సీహెచ్ఈ. కొత్తగా బుక్ చేసుకునేవాళ్లు దాన్ని చెన్నై అనుకుంటారు. చెన్నై సెంట్రల్ కోడ్ ఎంఏఎస్, మద్రాసు అన్న రోజుల నుంచి ఉన్నది. మనదీ అంతే, ఇంగ్లీషువాళ్లు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసేవారు, స్టేషన్ చికాకోల్ రోడ్. ఊరి పేరు మారినా కోడ్ మారలేదు.

రెండో శ్రీకాకుళం ఘంటసాల మండలంలో ఉందన్నాను కదా. గాయకుడు ఘంటసాల కృష్ణా జిల్లాలోనే చౌటపల్లిలో పుట్టి, సంగీతం నేర్చుకోవడానికి మన విజయనగరం వచ్చారు. ఇక్కడ పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్నారు. మీరడిగినదానికి ఇది నేరుగా సంబంధం లేదు, కానీ రెండు ప్రాంతాలకు నిజమైన బంధం కావాలంటే ఇదిగో ఇది ఉంది.

పల్లెల పేర్ల దగ్గరికి వస్తే మనవాళ్లు ఎప్పుడో దారి కనిపెట్టారు. కొత్తవలసలు, లక్ష్మీపురాలు, సీతారాంపురాలు ఎన్నో ఉంటాయి. అందుకని పెద, చిన, పాత, కొత్త అని ముందు తగిలిస్తారు. పేరు పొడుగైతే మనిషికి ఇంటిపేరులా పొడి అక్షరం చేరుస్తారు. విజయనగరం జిల్లాలో శృంగవరపుకోట ఎస్.కోట, దాని పక్క మండలం లక్కవరపుకోట ఎల్.కోట. బస్సు బోర్డు మీద ఆ ఒక్క అక్షరం చూసుకుని ఎక్కకపోతే దిగే చోటు మారిపోతుంది.

ప్రపంచంలో మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్ మనది 1591లో కులీ కుతుబ్ షా కట్టించింది. పాకిస్తాన్ సింధ్‌లో ఉన్న హైదరాబాద్‌ను 1768లో గులాం షా కల్హోరో కట్టించాడు. కట్టినవాళ్లు వేరు, కాలం వేరు. హైదర్ అన్నది హజ్రత్ అలీ బిరుదు, రెండు పేర్లూ అక్కడి నుంచే వచ్చాయన్నది ఎక్కువగా వినిపించే మాట. ఆస్ట్రేలియా సిడ్నీ, కెనడా నోవా స్కోషియాలోని చిన్న సిడ్నీ, రెండూ లార్డ్ సిడ్నీ అనే ఒకే బ్రిటిష్ మంత్రి పేరుతో ఉన్నాయి. కెనడా సిడ్నీయే మూడేళ్లు పెద్దది, 1785 నాటిది. 2002లో ఇంగ్లండ్ నుంచి ఒక యువజంట ఆస్ట్రేలియా వెళ్తున్నామనుకుని టికెట్ కొని కెనడా సిడ్నీలో దిగారు. ఎయిర్‌పోర్టు కోడ్ చూసుకుంటే తెలిసేది. ఆస్ట్రేలియా సిడ్నీది ఎస్‌వైడి, కెనడాది వైక్యూవై.

ఊళ్లకే కాదు, వస్తువులకూ ఇదే గొడవ. మా సెంటర్‌కి వచ్చే డిగ్రీ పిల్లలు జావా, జావాస్క్రిప్ట్ ఒకటేననుకుని కోర్సు ఫీజు కట్టేస్తుంటారు. జావా ఇండోనేషియా దీవి. అక్కడి కాఫీ పేరే ఆ ప్రోగ్రామింగ్ భాషకు పెట్టారు, అంతకుముందు దాని పేరు ఓక్. జావాస్క్రిప్ట్ వేరే కంపెనీ తయారుచేసిన వేరే భాష. 1995లో జావాకు బాగా పేరొచ్చింది కాబట్టి ఆ ఊపులో ఆ పేరు తగిలించారు. ఫీజు కట్టేముందు సిలబస్ చదవమని ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను.

ఇక మీ తమ్ముడి పని. టికెట్ తీసేటప్పుడు చేరే ఊరు టిబిలిసి, కోడ్ టీబీఎస్ అని ఉందో లేదో చూడండి. ఏటీఎల్ అని ఉంటే అది అట్లాంటా. ఆన్‌లైన్ ఫారంలో దేశాల జాబితాలో జార్జియా విడిగా ఉంటుంది. యునైటెడ్ స్టేట్స్ ఎంచుకున్నాక రాష్ట్రాల్లో కనిపించే జార్జియా మీది కాదు. పొడి అక్షరాలు అడిగితే దేశానికి జీఈ రాయాలి. జీఏ అమెరికా రాష్ట్రానిది, పైగా దేశాల కోడ్‌లలో జీఏ అంటే ఆఫ్రికాలోని గబాన్. కాలేజీ వాళ్లిచ్చిన ఫోన్ నంబరు 995తో మొదలవ్వాలి, వెబ్‌సైటు చివర చాలావరకు డాట్ జీఈ ఉంటుంది. నంబరు 1తో మొదలైతే ఎవరిదో కనుక్కుని గానీ ఫీజు పంపకండి. పార్సిల్ పంపితే చిరునామాలో ఊరు, నాలుగంకెల పోస్టల్ కోడ్, దేశం మూడూ రాయండి. అమెరికా పిన్ అయిదంకెలు, అక్కడే తేడా తెలిసిపోతుంది. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు శ్రీకాకుళం అని ఉంటే మిగతా కాగితాల్లో జిల్లా కూడా అలాగే ఉందో లేదో ఒకసారి సరిచూడండి. కాగితాలు తీసుకుని మా సెంటర్‌కి వస్తే నేనే పక్కన కూర్చుని చూస్తాను, దానికి డబ్బులేమీ అక్కర్లేదు.