273 కలపలేదని గ్రూపు మార్చాలా?

ప్రశ్న: మా పాప ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కెమిస్ట్రీలో గ్యాసు లెక్కలు వస్తే చాలు, టెన్షన్ పడి చేతులెత్తేస్తోంది. ఆమె నోటుబుక్కులో ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నా. సీఈసీకి మార్పించమంటారా? – ఒక తండ్రి, కల్వకుర్తి

జవాబు: వద్దు. ఆ పేజీ రెండుసార్లు చూశాను. 8.2 లీటర్ల పాత్ర, 3 అట్మాస్ఫియర్ల పీడనం, 27 డిగ్రీల వేడి, లోపల ఆక్సిజన్. ఎన్ని మోల్స్ (పదార్థం పరిమాణాన్ని కొలిచే యూనిట్) అని లెక్క. పీవీ = ఎన్ఆర్‌టీ సూత్రం సరిగ్గానే రాసింది (పీ పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోల్స్, ఆర్ స్థిరాంకం, టీ కెల్విన్లలో వేడి). పీవీని ఆర్‌టీతో భాగించాలనీ తెలుసు. తప్పల్లా టీ దగ్గర 27 వేయడమే. 273 కలిపి 300 కెల్విన్లు వేయాలి. అప్పుడు పైన 24.6, కింద 0.082 ఇంటూ 300 అంటే మళ్లీ 24.6. ఒక మోల్, 32 గ్రాములు. పాపకు 11 మోల్స్ వచ్చాయి. కెమిస్ట్రీ రాకపోవడం అంటే ఇది కాదండీ, యూనిట్లు చూసుకోకపోవడం. ఆర్ విలువ కూడా అంతే: లీటర్లు, అట్మాస్ఫియర్లయితే 0.082; పాస్కళ్లు, ఘనపు మీటర్లయితే 8.314. లెక్క మొదలుపెట్టకముందే మార్జిన్‌లో యూనిట్లు రాసుకోమనండి. రోజుకు మూడు లెక్కలు చాలు.

ఇక ఉద్యోగాల మాట. మీ ఊరి నుంచి జడ్చర్ల వెళ్తే అక్కడ పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలున్నాయి. ఈ రంగంలో హైడ్రోజన్‌తో రియాక్షన్ చేసే చోట గ్యాసు ఎంత ఖర్చయిందో పీడనం తగ్గుదలను బట్టి లెక్కగట్టవచ్చు. 50 లీటర్ల హైడ్రోజన్ పాత్ర మీద మీటరు ముల్లు 10 బార్ నుంచి 6కి దిగిందనుకోండి, వేడి మారలేదు. పైన 4 ఇంటూ 50, కింద 0.083 (బార్‌లో అయితే ఆర్ విలువ ఇది) ఇంటూ 300. దాదాపు 8 మోల్స్, అంటే 16 గ్రాములు. రియాక్షన్ పూర్తయిందా లేదా అన్నది ఆ అంకె చెబుతుంది. పాప ఏడుస్తున్న లెక్క అక్కడ డ్యూటీలో పని.

దారులు రెండు. ఎప్‌సెట్ రాసి కెమికల్ ఇంజనీరింగ్, లేదా బీఎస్సీ కెమిస్ట్రీ చేసి పాలమూరు యూనివర్సిటీలోనో నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ. ఉత్త బీఎస్సీతో ఆగితే మొదట్లో జీతం తక్కువ, షిఫ్టు డ్యూటీలు ఉంటాయి. అది దాచిపెట్టను.

ఈసారి గ్యాసు బండ మార్చేటప్పుడు పాపను ఒకటి అడగండి: లోపల 14.2 కిలోలున్నాయని పీవీ = ఎన్ఆర్‌టీతో లెక్కగట్టొచ్చా? కుదరదు, బండలో ఎక్కువ భాగం ద్రవం. అది అయిపోయేదాకా పీడనం పెద్దగా తగ్గదు, అందుకే బండను తూకం వేసి చూస్తారు. ఈ జవాబు తనంతట తాను చెప్పిందంటే సీఈసీ ఊసెత్తకండి.