లూపస్‌కి ఇన్ని మందులు వాడితే ఇన్‌ఫెక్షన్లు వస్తాయా? కొన్ని ఆపేయొచ్చా?

మీ చెల్లెలికి లూపస్ (సొంత ఇమ్యూనిటీయే ఒంటి మీద తిరగబడే జబ్బు) అని తేలిందని, కిడ్నీ బయాప్సీలో క్లాస్ 4 (తీవ్రమైన రకం) వచ్చిందని, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్, ఇమ్యూనిటీని అణిచే మైకోఫెనోలేట్, ఇంకా హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టారని రాశారు. ఇమ్యూనిటీ పోతుందని చుట్టాలు భయపెడుతున్నారు, కొన్ని ఆపేయొచ్చా, కొత్త వైద్యం ఏమైనా వచ్చిందా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. నాకూ లూపస్ కిడ్నీకి వచ్చింది. ఈ మూడు మందులూ వాడాను, రెండు ఇప్పటికీ వాడుతున్నాను.

ముందుగా ఒక్క మాట. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. స్టెరాయిడ్ కొన్ని వారాలు వాడాక ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి తగ్గిపోయి ఉంటుంది. ఇక చాలామంది ముందుగా మానేసేది హైడ్రాక్సీక్లోరోక్విన్, కళ్ళు పోతాయన్న భయంతో. నిజానికి ఆ మాత్ర వాడే లూపస్ రోగుల్లో ఇన్‌ఫెక్షన్లు తక్కువగా ఉన్నాయని చాలా అధ్యయనాల్లో కనిపించింది. డోసు కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాముల దగ్గర ఉంచి, మొదట్లో ఒకసారి, ఐదేళ్ళు దాటాక ఏటా రెటీనా పరీక్ష చేయిస్తారు. కిడ్నీ సరిగా పనిచేయకపోతే ఆ పరీక్షలు ఇంకా ముందే మొదలుపెడతారు. దీన్ని వదులుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఇన్‌ఫెక్షన్ల విషయంలో అసలు భయపడాల్సింది స్టెరాయిడ్ డోసుకి. యూరప్ రుమటాలజిస్టుల సంఘం యూలార్ 2019లో దీర్ఘకాలం వాడే డోసు రోజుకి 7.5 మిల్లీగ్రాములకు మించకుండా చూడమంది, 2023లో ఆ హద్దును 5కి దించింది. వీలైతే పూర్తిగా ఆపమని, అందుకోసం మైకోఫెనోలేట్ లాంటివి ఆలస్యం చేయకుండా మొదలుపెట్టమని చెప్పింది. అంటే మీవాళ్ళు ‘ఇన్ని మందులా’ అంటున్నారే, ఆ రెండో మందు స్టెరాయిడ్‌ని తగ్గించడానికే. ప్రతి విజిట్‌లోనూ ‘5కి ఎప్పుడు వస్తాం?’ అని డాక్టర్ని అడగండి. నేను అలాగే అడిగేదాన్ని. డోసు దిగేకొద్దీ నాకు మాటిమాటికీ వచ్చే యూరిన్ ఇన్‌ఫెక్షన్లు దాదాపు ఆగిపోయాయి.

జ్వరం విషయం వివరంగా చెప్పాలి. లూపస్ ఎక్కువైనా జ్వరమే, ఇన్‌ఫెక్షన్ వచ్చినా జ్వరమే. కానీ వైద్యం పూర్తిగా వేరు. మొదటిదైతే స్టెరాయిడ్ పెంచుతారు, రెండోదైతే అది ప్రమాదం. నేను ఎక్కువ డోసులో ఉన్నప్పుడు ఒకరాత్రి చలిజ్వరం వచ్చింది. ఇంట్లో అందరూ లూపస్ తిరగబెట్టిందనే అనుకున్నారు. మా డాక్టర్‌కి ఫోన్ చేస్తే వెంటనే రమ్మని సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష), యూరిన్ కల్చర్, సీ3, సీ4 (లూపస్ ఎక్కువైతే సాధారణంగా తగ్గే కాంప్లిమెంట్ ప్రోటీన్లు), డీఎస్-డీఎన్ఏ (లూపస్ యాంటీబాడీ పరీక్ష) అన్నీ ఒకేసారి పంపించారు. సీఆర్‌పీ బాగా పెరిగింది, కాంప్లిమెంట్లు మాత్రం అంతకుముందులాగే ఉన్నాయి. మామూలు లూపస్ జ్వరంలో సీఆర్‌పీ అంతగా పెరగదు. గుండె, ఊపిరితిత్తుల పొరల్లో వాపు ఉంటే తప్ప. కిడ్నీకి ఇన్‌ఫెక్షన్ అని తేలి యాంటీబయాటిక్ ఎక్కించారు, తగ్గింది. పారాసిటమాల్ వేసి ‘రేపు చూద్దాంలే’ అనడం మీ ఇంట్లో జరగకూడదు. స్టెరాయిడ్ వాడేవాళ్ళలో జ్వరం తెలియకుండా ఉండటం కూడా ఉంది కాబట్టి, దగ్గు, మూత్రంలో మంట, విపరీతమైన నీరసం ఉంటే థర్మామీటర్ ఏం చెప్పినా డాక్టర్‌కి చెప్పండి.

మందులు మొదలైనప్పుడే టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు చేశారా అని కనుక్కోండి. మన దేశంలో టీబీని మర్చిపోవడానికి వీల్లేదు. ఎక్కువ స్టెరాయిడ్ కొన్ని వారాలు సాగితే న్యూమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రాకుండా కొందరికి సెప్ట్రాన్ అనే సల్ఫా మాత్ర ఇస్తారు. కానీ లూపస్ వాళ్ళకి సల్ఫా మందులు పడకపోవడం, దద్దుర్లు రావడం, వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ. గతంలో ఏ మాత్ర పడలేదో రాసి జేబులో పెట్టుకోమనండి.

వ్యాక్సిన్లు: ఏటా ఫ్లూ ఇంజెక్షన్, ఇంకా న్యుమోనియా రాకుండా వేసే న్యూమోకాకల్. నాకు మైకోఫెనోలేట్ వాడుతుండగా నడుము చుట్టూ సర్పి వచ్చింది, ఆ మంట, నొప్పి పగవాళ్ళకి కూడా వద్దు. దానికి షింగ్రిక్స్ వ్యాక్సిన్ 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, రెండు డోసులు. ఖరీదే, అయినా ఇలాంటి మందులు వాడేవాళ్ళకి 18 ఏళ్ళు దాటితే వేయించమని అమెరికా రుమటాలజీ కాలేజీ సిఫార్సు. ఇవేవీ లైవ్ (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసే) వ్యాక్సిన్లు కావు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ వ్యాక్సిన్లు మాత్రం డాక్టర్ని అడగకుండా వేయించకూడదు. రిటుక్సిమాబ్ (యాంటీబాడీలు తయారుచేసే బి-కణాలను తగ్గించే ఇంజెక్షన్) ఇచ్చే ఆలోచన ఉంటే వ్యాక్సిన్లు దానికి ముందే పూర్తి చేయాలి, తర్వాత కొన్ని నెలలు అంతగా పనిచేయవు.

తిప్పతీగ కషాయం ఎవరైనా తెచ్చి ఇస్తే తీసుకోవద్దనండి. తన మీదే తిరగబడ్డ ఇమ్యూనిటీని ఇంకా రెచ్చగొట్టడం ఎందుకు? తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. పచ్చి గుడ్డు, సరిగా ఉడకని మాంసం కూడా వద్దు. సాల్మొనెల్లా లూపస్ వాళ్ళని తీవ్రంగా పట్టుకుంటుంది.

కొత్త వైద్యం నిజంగానే వస్తోంది. రిటుక్సిమాబ్ లాగే బి-కణాలను తగ్గించే ఒబినుటుజుమాబ్ మీద 2025లో వచ్చిన రీజెన్సీ ట్రయల్‌లో, మామూలు మందులకి అది కలిపినవాళ్ళలో 46.4 శాతం మందికి, కలపనివాళ్ళలో 33.1 శాతం మందికి కిడ్నీ పూర్తిగా కుదుటపడింది. అయితే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు కూడా ఆ మందు తీసుకున్నవాళ్ళలోనే ఎక్కువ. లూపస్‌కి ఇచ్చే మరో కొత్త ఇంజెక్షన్ అనిఫ్రోలుమాబ్‌తో సర్పి ఎక్కువగా కనిపించింది. మీరు వీడియోలో చూసిన కార్-టి చికిత్స (రోగి సొంత రక్షణ కణాలను మార్చి తిరిగి ఎక్కించడం) జర్మనీలోని ఎర్లాంగెన్‌ది. 2024లో వాళ్ళు ప్రచురించిన 15 మందిలో 8 మంది లూపస్ వాళ్ళు. వాళ్ళందరికీ వ్యాధి అదుపులోకి వచ్చి మందులు ఆగిపోయాయి. అది చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఆ 15 మందిలో ఒకరు న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరారు కూడా. ఇంకా పెద్ద ట్రయల్స్ జరగాలి. దానికోసం ఇప్పుడు పొలం అమ్ముకునే ఆలోచన పెట్టుకోకండి. క్లాస్ 4కి మీ చెల్లెలికి ఇస్తున్నవి సరైన మందులే. దగ్గర్లో రుమటాలజిస్టు లేకపోతే హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు వ్యాక్సిన్ల సంగతి, రాత్రిపూట జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలన్న సంగతి ముందు అడగండి.